ఆఫీసు ఇంగ్లీషు: ముందు చెవికి, తర్వాతే నోటికి



ఈరోజు ఆఫీసు ఇంగ్లీషు గురించి మాట్లాడుకుందాం. పాఠ్యపుస్తకంలో ఉండే ఇంగ్లీషు కాదు. వ్యాకరణమూ కాదు. పనిచేసే చోట నలుగురూ మాట్లాడుకుంటున్నప్పుడు అలవోకగా దొర్లిపోయే ఇంగ్లీషు. జాతీయాలు, వాడుక మాటలు, మొన్న మొన్న పుట్టిన కొత్త మాటలు. విడివిడిగా చూస్తే ప్రతి పదమూ మనకు తెలిసినదే. అన్నీ కలిసి ఒక వాక్యంగా వచ్చేసరికి మాత్రం అర్థం చేతికి చిక్కదు.

ఇది మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో కూర్చుని రోజూ అమెరికా వాళ్ళతో, ఇంగ్లండ్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడేవాళ్ళ కోసం. డల్లాస్‌లో, న్యూజెర్సీలో, లండన్‌లో పనిచేస్తున్న మనవాళ్ళ కోసం. వాళ్ళు ఫోన్లో చెప్పే మాటలు విని, అర్థం కాక, అడగలేక ఊరుకునే అమ్మానాన్నల కోసం కూడా.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మాటల్ని ముందు చెవికి నేర్చుకోండి. నోటికి తొందర వద్దు. అర్థం కాకపోతే తల ఊపకండి, అడగండి. మళ్ళీ చెబుతున్నాను. ముందు చెవికి, తర్వాతే నోటికి. అర్థం కాకపోతే అడగాలి.

మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. జాతీయాల పుస్తకం ఒకటి కొంటారు. బట్టీ పడతారు. ఇంటర్వ్యూలో నాలుగు వాడితే మెప్పు వస్తుందనుకుంటారు. ఒక్కటి ఆలోచించండి. ఒక జాతీయం మీరు వాడకపోతే పోయేదేమీ లేదు. మామూలు మాటల్లో చెప్పినా పని జరుగుతుంది. కానీ ఎదుటివాళ్ళు వాడిన జాతీయం మీకు అర్థం కాకపోతే? గడువు తప్పుతుంది. చేయాల్సిన పని ఆగిపోతుంది. ఒక్కోసారి ఉద్యోగం పోయిన సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ముందు చెవికి అంటున్నాను.

ఈ జాతీయాలు ఎలా పుడతాయో మన భాషలోనే చూద్దాం. పత్రికలో ఒక శీర్షిక వస్తుంది. ఫలానా పథకానికి శ్రీకారం చుట్టారు అని. కొన్నాళ్ళకు ఇంకో శీర్షిక. ఆ పథకానికి మంగళం పాడారు అని. ఆ తర్వాత మరొకటి. అందులో పనిచేసేవాళ్ళకు ఉద్వాసన పలికారు అని. మనకు వెంటనే అర్థమవుతుంది. కానీ బయటి రాష్ట్రం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుంటున్న ఒక అధికారి ఉన్నారనుకోండి. మంగళం పాడారు అంటే ఏదో శుభకార్యం జరిగిందనుకుంటారు. పాపం, ఆయన తప్పేమీ లేదు. శ్రీకారం కాగితం నెత్తిన రాసే శ్రీ నుంచి వచ్చింది. మంగళం కచేరీ చివర్లో పాడే పాట నుంచి వచ్చింది. ఉద్వాసన, పూజ అయ్యాక దేవుణ్ణి సాగనంపడం నుంచి వచ్చింది. మన పని మాటలు పూజ దగ్గరా, పాట దగ్గరా పుట్టాయి. ఆ నేపథ్యం తెలిస్తేనే ఆ మాట అందుతుంది.

ఇంగ్లీషు మాటలకూ అలాంటి పుట్టిళ్ళు ఉన్నాయి. ఓడలు, గనులు, కార్ఖానాలు, ఆటస్థలాలు. మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే చెవిలో నిలిచిపోతుంది. మరిచిపోమన్నా మరిచిపోం.

అన్నిటికన్నా ముందు తెలియాల్సినవి ఉద్యోగం పోవడం గురించిన మాటలు. ఇవి ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. కొన్ని కటువుగా ఉంటాయి. కొన్ని మెత్తగా ఉంటాయి. మెత్తగా ఉన్నవాటినే ఎక్కువ జాగ్రత్తగా వినాలి.

ఇంగ్లండ్‌లో ఎవరైనా 'హి గాట్ ద శాక్' అంటే అతని ఉద్యోగం ఊడిందని అర్థం. శాక్ అంటే సంచి. పూర్వం పనివాడు తన పనిముట్లు సంచిలో వేసుకుని యజమాని దగ్గర చేరేవాడట. ఇక నువ్వు అక్కర్లేదు అనుకున్నప్పుడు యజమాని ఆ సంచి చేతికిచ్చి పంపేసేవాడట. అందుకే ఈ మాట వచ్చిందని చెబుతారు. ఇంగ్లీషులో ఇది 19వ శతాబ్దం మొదటి భాగం నుంచీ ఉంది. అదే అర్థంతో ఫ్రెంచి భాషలో అంతకన్నా ముందే ఉంది.

అమెరికాలో ఎక్కువగా వినబడేది 'ఫైర్డ్'. ఇదీ ఉద్యోగం పోవడమే. దాని పక్కనే ఇంకో మాట ఉంది. 'లెయిడ్ ఆఫ్'. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. దయచేసి ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఫైర్డ్ అంటే మామూలుగా ఆ మనిషి పనితీరు బాగాలేకనో, తప్పు చేసినందుకో తీసేశారని వినేవాళ్ళు అనుకుంటారు. లెయిడ్ ఆఫ్ అంటే కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికో, ఆ విభాగం మూసేసినందుకో తీసేశారని అర్థం. అందులో ఉద్యోగి తప్పు లేదు. మరి కంపెనీ మీ విభాగం మొత్తాన్ని మూసేసిందనుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో మీరు 'ఐ వాజ్ ఫైర్డ్' అన్నారనుకోండి. చేయని తప్పును మీరే మీ నెత్తిన వేసుకున్నట్టు. 'ఐ వాజ్ లెయిడ్ ఆఫ్' అనాలి. ఈ ఒక్క మాట విషయంలో చెవితో పాటు నోటికీ పని చెప్పండి.

'పింక్ స్లిప్' అనే మాట మన పత్రికల్లోనూ కనబడుతుంది. గులాబీ రంగు చీటీ అని మాటకు అర్థం. ఇది అమెరికాలో 20వ శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు చీటీ లేదు, గులాబీ రంగూ లేదు. ఈమెయిల్ వస్తుంది. మాట మాత్రం అలాగే నిలిచింది.

ఇక అన్నిటికన్నా మెత్తనిది చెబుతాను, వినండి. మేనేజరు పిలిచి కూర్చోబెడతారు. గొంతు తగ్గించి 'వి హావ్ టు లెట్ యూ గో' అంటారు. పదం పదం విడదీస్తే, మిమ్మల్ని వెళ్ళనివ్వాలి అని వస్తుంది. కొత్తవాళ్ళకు అది ఏదో అనుమతి ఇస్తున్నట్టు వినబడుతుంది. కాదు. ఉద్యోగం అయిపోయిందని చెబుతున్నారు. ఆ మాట అన్నాక మీరు అడగాల్సింది ఒక్కటే. నా ఆఖరి పనిరోజు ఏది? దాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

ఎందుకంత పట్టుబట్టి చెబుతున్నానంటే, అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ తేదీ చాలా ముఖ్యం. ఉద్యోగం ముగిశాక అక్కడ ఉండి వేరే కంపెనీ చూసుకోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. వాళ్ళ అనుమతి గడువు అంతకన్నా ముందే ముగిసిపోతే అంతవరకే. ఈ నిబంధన 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. మాట మెత్తగా ఉన్నా గడియారం తిరగడం మొదలైపోతుంది. అర్థం చేసుకోవడంలో నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులూ అరవైలోంచి పోయినట్టే.

ఇక్కడే అమ్మానాన్నల కోసం ఒక మాట. అబ్బాయి ఫోన్ చేసి 'బెంచ్ మీద ఉన్నానమ్మా' అంటాడు. మన చిన్నప్పుడు బడిలో తప్పు చేస్తే బెంచీ ఎక్కించేవారు. అమ్మకు అదే గుర్తొచ్చి కంగారు పడుతుంది. ఇది ఆ బెంచీ కాదు. ఆటలో బరిలోకి దిగకుండా పక్కన కూర్చున్న ఆటగాళ్ళ బెంచీ. అంటే అబ్బాయి కంపెనీలోనే ఉన్నాడు. ఒక ప్రాజెక్టు అయిపోయింది, ఇంకోటి రాలేదు. అది శిక్ష కాదు. కానీ ఒక సంగతి తెలిసి ఉండాలి. అమెరికాలో హెచ్1బి ఉద్యోగికి కంపెనీ పని చూపించలేకపోయినా జీతం ఇవ్వాల్సిందే. అది అక్కడి చట్టం. బెంచ్ మీద ఉన్నావు కాబట్టి జీతం లేదంటే అది చెల్లదు.

ఇప్పుడు ఓడ దగ్గరికి వెళ్దాం. కొత్తగా చేరినవాళ్ళతో సీనియర్లు 'టేక్ టైమ్ టు లెర్న్ ద రోప్స్' అంటారు. రోప్స్ అంటే తాళ్ళు. తెరచాప ఓడలో వందల తాళ్ళుంటాయి. ఏ తాడు లాగితే ఏ తెరచాప లేస్తుందో కొత్త నావికుడు ముందుగా నేర్చుకోవాలి. అందుకే పని మెళకువలు నేర్చుకోవడం అనే అర్థం వచ్చింది. 'ఆల్ హ్యాండ్స్' అని ఈమెయిల్ వస్తే కంగారు పడకండి. హ్యాండ్స్ అంటే ఓడ మీద పనిచేసే మనుషులు. ఆల్ హ్యాండ్స్ మీటింగ్ అంటే కంపెనీలో అందరూ రావాల్సిన సమావేశం. స్ట్రైక్ అనే మాట కూడా ఓడ మీద నుంచే దిగింది. 1768లో లండన్ రేవులో నావికులు తమ కోరికల కోసం ఓడల తెరచాపలు దించేశారు. తెరచాప దించడాన్ని ఇంగ్లీషులో స్ట్రైక్ అంటారు. ఆ మాటే ఈనాడు మన ఊళ్ళో బస్సు డిపో దగ్గర కూడా వినబడుతోంది.

కార్ఖానా నుంచి వచ్చినవి 'క్లాక్ ఇన్', 'క్లాక్ అవుట్'. పనికి వచ్చిన వేళ, వెళ్ళిన వేళ నమోదు చేయడం. 1888లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే ఊళ్ళో విల్లర్డ్ బండీ అనే నగల వర్తకుడు ఉద్యోగుల రాకపోకల వేళ నమోదు చేసే గడియారం తయారుచేశాడు. ఆయన కంపెనీ తర్వాత వేరే కంపెనీలతో కలిసింది. అలా కలిసి కలిసి ఏర్పడిన సంస్థే 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. ఈరోజు మన పిల్లలు మెడలో కార్డు వేసుకుని తలుపు దగ్గర ఆనిస్తున్నారే, ఆ అలవాటు అక్కడ మొదలైంది.

రాత్రి డ్యూటీని 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' అంటారు. గ్రేవ్‌యార్డ్ అంటే శ్మశానం. పేరు విని భయపడకండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా చేసే షిఫ్టు అని మాత్రమే. ఆ వేళ లోకమంతా నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. వందేళ్ళకు పైగా వాడుకలో ఉంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైన తర్వాత మన పిల్లలకూ ఈ షిఫ్టు బాగా పరిచయమైంది.

ఇక ఆటస్థలానికి వద్దాం. ఇక్కడ మనకు ఒక చిక్కుంది. మనకు క్రికెట్ తెలుసు. అమెరికా వాళ్ళ ఆఫీసు మాటల్లో చాలా బేస్‌బాల్ నుంచి వచ్చాయి. 'లెట్స్ టచ్ బేస్ టుమారో' అంటే రేపు ఒకసారి క్లుప్తంగా మాట్లాడుకుందాం అని. 'గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్' అంటే కచ్చితమైన లెక్క వద్దు, ఉజ్జాయింపుగా చెప్పు అని. కొత్త ఉద్యోగి ఈ తేడా తెలియక రెండు రోజులు కూర్చుని పైసలతో సహా లెక్క వేస్తాడు. మేనేజరుకు కావలసింది పది లక్షలా, కోటి రూపాయలా అన్న అంచనా మాత్రమే. 'సమ్‌బడీ మస్ట్ స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే ఎవరో ఒకరు ముందుకొచ్చి బాధ్యత తీసుకోవాలని. ఇక్కడ ప్లేట్ అంటే భోజనం పళ్ళెం కాదు, బేస్‌బాల్‌లో బ్యాటు పట్టుకున్నవాడు నిలబడే చోటు. కానీ 'ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్' అంటే మాత్రం అది భోజనం పళ్ళెమే. ఇప్పటికే చేతినిండా పని ఉందని చెప్పడం.

ఇంగ్లండ్ వాళ్ళవి మనకు కాస్త సులువు. 'వి ఆర్ ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే మనం వెనకడుగులో ఉన్నామని. 'స్టికీ వికెట్' అంటే ఇరకాటం. వాన పడి ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు పోతుందో తెలియదు కదా. క్రికెట్ చూసే ఇంట్లో ఇవి విప్పి చెప్పక్కర్లేదు.

ఒకే మాటకు రెండు దేశాల్లో రెండు అర్థాలు ఉండటం కూడా ఉంది. అందులో 'టేబుల్' అనే మాట చాలా ప్రసిద్ధం. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేద్దాం అంటే, ఇప్పుడే చర్చకు తీసుకుందాం అని. అమెరికాలో అదే మాటకు, ఇప్పుడొద్దు పక్కన పెడదాం అని అర్థం. పూర్తిగా వ్యతిరేకం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల సైనికాధికారులు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఈ ఒక్క మాట మీద పెద్ద వాదన జరిగింది. అప్పటి బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో ఈ సంగతి రాశాడు. ఇద్దరూ కోరింది ఒకటే. ఆ పత్రం మీద వెంటనే మాట్లాడాలని. మాట ఒకటే కావడం వల్ల, అర్థం రెండు కావడం వల్ల చాలాసేపు వాదించుకున్నారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకే ఇలా జరిగింది. అంతటివాళ్ళకు జరిగినప్పుడు, మనకు ఒక మాట అర్థం కాకపోతే సిగ్గుపడాల్సిన పనేముంది?

అందుకే మళ్ళీ అంటున్నాను. అర్థం కాకపోతే తల ఊపకండి. అడగండి.

ఇప్పుడు గడువు దగ్గరికి వద్దాం. 'డెడ్‌లైన్' మనకు బాగా తెలిసిన మాటే. దాని పుట్టుక మాత్రం భయంకరం. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ సైనిక కారాగారంలో ఒక హద్దు ఉండేది. ఆ హద్దు దాటిన ఖైదీని కాల్చేసేవారు. ఆ హద్దు పేరే డెడ్‌లైన్. తర్వాత పత్రికల వాళ్ళ చేతిలో పడి, పని ముగించాల్సిన ఆఖరి వేళ అనే అర్థం తెచ్చుకుంది.

దానికన్నా మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది. 'ఎండ్ ఆఫ్ డే'. రోజు ముగిసేలోగా ఇవ్వండి అంటారు. ఎవరి రోజు? న్యూయార్క్ మేనేజరుకు రోజు ముగిసేది సాయంత్రం 5 గంటలకు. అప్పుడు హైదరాబాద్‌లో ఎంతవుతుంది? అక్కడి ఎండాకాలంలో అయితే మనకు తెల్లవారుజామున 2.30. చలికాలంలో అయితే 3.30. అది అప్పటికే మనకు మరుసటి రోజు. ఆ రోజు ఈ రోజు కాదు. కాబట్టి ఎండ్ ఆఫ్ డే అన్నప్పుడల్లా ఒక్క ప్రశ్న వేయండి. మీ టైమా, మా టైమా? అలాగే ఇంగ్లండ్ వాళ్ళు 'హాఫ్ నైన్' అంటే తొమ్మిదిన్నర. ఎనిమిదిన్నర కాదు. అనుమానం ఉంటే అంకెల్లో రాసి పంపమనండి.

ఇంకో రకం మాటలున్నాయి. వినడానికి సలహాలా ఉంటాయి. నిజానికి అవి పురమాయింపులు. 'వెన్ యూ గెట్ ఎ చాన్స్, కుడ్ యూ లుక్ ఎట్ దిస్?' అంటారు. వీలున్నప్పుడు చూడు అని మనకు వినబడుతుంది. వీలు ఈ వారం దొరకలేదని ఊరుకుంటాం. మేనేజరు మాత్రం సాయంత్రానికల్లా ఎదురుచూస్తుంటారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పని చెబితే సూటిగా చెబుతారు. వాళ్ళు మర్యాద కోసం మెత్తగా చెబుతారు. ఇది మర్యాదలో తేడా. పనిలో తేడా కాదు. పై అధికారి అడిగితే ఎంత మెత్తగా అడిగినా అది పని చెప్పడమే అనుకోండి. ఎప్పటికల్లా కావాలి అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలా చిక్కుల్ని తప్పిస్తుంది.

'డూ యూ హావ్ ద బ్యాండ్‌విడ్త్?' అంటే నెట్ వేగం గురించి కాదు. నీకు దీనికి తీరిక ఉందా అని. 'లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్' అంటే కంప్యూటర్ ఆపేయమని కాదు. ఇది అందరి ముందూ వద్దు, తర్వాత మనిద్దరం మాట్లాడుకుందాం అని. 'హెడ్స్ అప్' అంటే తల ఎత్తమని కాదు. ముందుగా ఒక హెచ్చరిక. 'యూ డ్రాప్డ్ ద బాల్' అంటే నీ వల్ల పని చెడిందని. ఆఖరిది అనిపించుకున్న రోజు నొచ్చుకోకుండా, ఎక్కడ తప్పిందో అడిగి తెలుసుకోవాలి.

'పాస్ ద బక్' అనే మాట కూడా వినే ఉంటారు. బాధ్యతను పక్కవాడి మీదికి నెట్టేయడం. ఇది పేకాట నుంచి వచ్చిందంటారు. పంచే వంతు ఎవరిదో తెలియడానికి ఒక గుర్తును చేతులు మార్చేవారు. ఆ గుర్తే బక్. అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ తన బల్ల మీద ఒక పలక పెట్టుకున్నాడు. బాధ్యత నా దగ్గరే ఆగుతుంది అన్న అర్థంతో 'ద బక్ స్టాప్స్ హియర్' అని దాని మీద రాసి ఉండేది.

ఇక కొత్త మాటలు. 'మూన్‌లైటింగ్'లో మూన్‌లైట్ అంటే వెన్నెల. పగలు ఒక ఉద్యోగం, దానికి తోడు తెలియకుండా ఇంకో ఉద్యోగం. 2022లో మన దేశమంతా ఈ మాట మారుమోగింది. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని ఆ ఏడాది సెప్టెంబరులో విప్రో సంస్థ 300 మందిని తొలగించింది. వినడానికి వెన్నెలలా చల్లగా ఉన్న మాట. దాని వెనక ఉద్యోగ ఒప్పందం ఉంది. రెండో పని పెట్టుకునే ముందు నియామక పత్రం చదవండి. అదే 2022లో 'క్వైట్ క్విటింగ్' కూడా ప్రచారంలోకి వచ్చింది. నిశ్శబ్దంగా రాజీనామా చేయడం అనిపిస్తుంది. రాజీనామా కాదు. ఉద్యోగంలో ఉంటూనే, చెప్పిన పని మాత్రం చేసి, అంతకు మించి ఒక్క గంట కూడా ఇవ్వకపోవడం.

'బర్న్ అవుట్' మాత్రం తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనికి సంబంధించిన ఒక స్థితిగా తన వర్గీకరణలో వివరించింది. జబ్బు అనలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. ఒళ్ళూ మనసూ పూర్తిగా అలసిపోతాయి. చేసే పని మీద విముఖత పుడుతుంది. చేతనైన పని కూడా చేతకాదనిపిస్తుంది. దూరాన ఉన్న కొడుకో కూతురో ఫోన్లో 'బర్న్ అవుట్ అయిపోయాను' అంటే, అదేదో ఇంగ్లీషు మాటలే అని వదిలేయకండి. రెండు నిమిషాలు ఎక్కువసేపు మాట్లాడండి. ఎలా ఉన్నావు, నిద్ర పడుతోందా అని అడగండి.

ఇంతవరకూ వాళ్ళ మాటలు మనకు ఎలా వినబడతాయో చెప్పాను. మన మాటలు వాళ్ళకు ఎలా వినబడతాయో కూడా తెలియాలి. మనం 'ఐ హావ్ ఎ డౌట్' అంటాం. ఒక ప్రశ్న ఉంది అని మన ఉద్దేశం. అమెరికా వాళ్ళకు, నువ్వు చెప్పింది నేను నమ్మడం లేదు అన్నట్టు వినబడుతుంది. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అంటే చాలు. మనం 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2020' అంటాం. చదువు పూర్తయిందని చెప్పడం. వాళ్ళకు 2020లో స్పృహ తప్పి పడిపోయినట్టు వినబడుతుంది. 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'ప్రీపోన్' అంటే మన దేశంలో అందరికీ తెలుసు. బయట చాలామందికి తెలియదు. సమావేశాన్ని ముందుకు జరిపాం అని చెప్పేటప్పుడు కొత్త తేదీ, కొత్త వేళ చెప్పేయండి. మన ఇంగ్లీషు తప్పని నేను అనడం లేదు. మన మధ్య అది చక్కగా నడుస్తుంది. ఎదుటివాళ్ళ చెవికి తగ్గట్టు ఒక్క మాట మార్చుకుంటే సరిపోతుంది.

మరి అడగడం ఎలా? నాకు అర్థం కాలేదు అనడానికి చాలామంది వెనకాడతారు. అలా అనక్కర్లేదు. మీకు అర్థమైంది మీరు చెప్పండి. 'జస్ట్ టు బి క్లియర్, యూ వాంట్ దిస్ బై ఫ్రైడే?' అంటే చాలు. మీరు అన్నది సరైతే అవునంటారు. తప్పయితే సరిదిద్దుతారు. మీటింగ్ అయ్యాక రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను, ఈ తేదీకల్లా చేస్తాను అని. అది మీకు రక్షణ. వాళ్ళకు మీ మీద గౌరవం. రోజూ విన్న కొత్త మాట ఒక్కటి నోటు పుస్తకంలో రాసుకోండి. ఎవరన్నారు, ఏ సందర్భంలో అన్నారు అని కూడా రాయండి. సందర్భం లేకుండా మాట నిలవదు.

మరి ఎప్పుడు వాడాలి? ఒక మాటను నలుగురైదుగురి నోట, వేరువేరు సందర్భాల్లో విన్నాక వాడండి. అప్పటికి అది మీదైపోతుంది. సెలవు చీటీలో, రాజీనామా లేఖలో, జీతం గురించిన ఉత్తరంలో మాత్రం ఎప్పుడూ వాడకండి. అక్కడ సూటి మాటే చెల్లుతుంది.

చివరగా, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఒక మనవి. మీ జట్టులో శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్ళకు పని వచ్చు. ఈ మాటలే కొత్త. వాళ్ళతో మాట్లాడేటప్పుడు జాతీయాలు తగ్గించండి. ఏం చేయాలి, ఎప్పటికల్లా చేయాలి అన్నది సూటిగా చెప్పండి. ఎవరైనా అర్థం అడిగితే చిన్నచూపు చూడకండి. అడిగేవాడు పని సరిగ్గా చేయాలనుకునేవాడు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ, మీకు ఇంకోసారి చెబుతున్నాను. ముందు చెవికి, తర్వాతే నోటికి. అర్థం కాని మాటకు తల ఊపకండి. అడగండి. అడిగినందుకు తగ్గిపోయేదేమీ లేదు. అడగనందువల్ల మాత్రం పని చెడుతుంది. రేపు ఆఫీసులో అర్థం కాని మాట మొదట ఏది వినబడితే దాని గురించే అడగండి.